విమానం ఎక్కాక మీ బ్యాంకు ఖాతా ఏమవుతుంది? విదేశాల్లో స్థిరపడే విశ్రాంత ఉద్యోగుల డబ్బు లెక్కలు

రిటైరయ్యాక పిల్లల దగ్గర స్థిరపడదామని అమెరికాకో, బ్రిటన్‌కో, ఆస్ట్రేలియాకో బయల్దేరేవాళ్లు ఇల్లు ఎవరికి అప్పగించాలి, బంగారం ఏ లాకర్లో పెట్టాలి అని నెలల తరబడి ఆలోచిస్తారు. సేవింగ్స్ ఖాతా సంగతి మాత్రం ‘ఎక్కడికి పోతుంది, ఫోన్లో చూసుకోవచ్చులే’ అని వదిలేస్తారు. నాలుగైదేళ్ల తర్వాత ఇల్లు అమ్మి ఆ డబ్బు తెప్పించుకోబోతే బ్యాంకు మేనేజరు అడుగుతాడు: ‘ఇన్నేళ్లుగా విదేశంలో ఉంటూ దీన్ని రెసిడెంట్ ఖాతాగానే ఎందుకు ఉంచారు?’ అప్పుడు మొదలయ్యే తలనొప్పికి మందు, విమానం ఎక్కకముందు రెండు మూడు నెలల్లో చేసుకోవాల్సిన పనుల్లో ఉంది.

చాలామంది మొదట అడిగే ప్రశ్న ‘ఎంత డబ్బు డాలర్లలోకి మార్చుకోవాలి’ అని. దానికంటే ముందు తేలాల్సింది, చట్టం దృష్టిలో మీరు ఎక్కడి నివాసి అన్నది. దీన్ని మూడు చట్టాలు మూడు రకాలుగా లెక్కగడతాయి. విదేశీ మారక ద్రవ్య చట్టం, అంటే ఫెమా, ఒక మాట చెబుతుంది. మన ఆదాయపు పన్ను చట్టం మరో మాట చెబుతుంది. వెళ్లిన దేశపు పన్ను చట్టం ఇంకో మాట. ఒకే ఏడాదిలో మీరు ఫెమాకు ప్రవాసి, ఆదాయపు పన్నుకు నివాసి, అమెరికాకు కూడా నివాసి కావచ్చు. ఇందులో తప్పేమీ లేదు. ఏ పనికి ఏ హోదా వర్తిస్తుందో తెలియకపోతేనే ఇబ్బంది.

(2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. ఇక్కడ అందరికీ నోట్లో నానిన పాత ఫారాల పేర్లే వాడుతున్నాం.)

మూడు చట్టాలు, మూడు క్యాలెండర్లు

ఫెమాకు రోజుల లెక్క కంటే ఉద్దేశం ముఖ్యం. ఎప్పుడు తిరిగొస్తారో చెప్పలేని విధంగా, అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో దేశం విడిచి వెళితే, బయల్దేరిన రోజు నుంచే మీరు ప్రవాసి. గ్రీన్ కార్డు మీద వెళ్లేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు మనవళ్లతో గడిపి వచ్చేవాళ్లు రారు. వాళ్ల ఖాతాలు రెసిడెంట్ ఖాతాలుగానే ఉండాలి. విజిటర్ వీసా మీద వెళుతూ ‘ముందుజాగ్రత్తగా’ ఖాతా మార్పించుకోవడం కూడా తప్పే.

ఆదాయపు పన్నుకు రోజులే లెక్క. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే నివాసి అని అందరికీ తెలుసు. రెండో నియమాన్ని మాత్రం ఎక్కువమంది మరచిపోతారు. ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇక్కడ ఉన్నా నివాసే. ఉద్యోగం కోసం దేశం వదిలేవాళ్లకు ఈ 60ని 182గా సడలించారు. పిల్లల దగ్గర ఉండటానికి వెళ్లే విశ్రాంత ఉద్యోగికి ఆ సడలింపు లేదు. అంటే ఏప్రిల్, మే దాటాక ఎప్పుడు బయల్దేరినా ఆ ఆర్థిక సంవత్సరమంతటికీ మీరు భారత నివాసే. ఆ ఏడాది విదేశంలో వచ్చిన ఆదాయం కూడా ఇక్కడి రిటర్నులో చూపాలి. ఇది అన్నిసార్లూ నష్టమేమీ కాదు. నివాసికి దొరికే రిబేటు, అంటే పన్ను మాఫీ, ఆ ఏడాదికి మీకు దక్కుతుంది.

ఆ తర్వాతి ఏళ్లలో చుట్టపుచూపుగా వచ్చినప్పుడు భారత పౌరులకూ, భారత సంతతివారికీ 60 బదులు 182 రోజుల హద్దు వర్తిస్తుంది. ఇక్కడి ఆదాయం 15 లక్షల రూపాయలు దాటితే ఆ హద్దు 120 రోజులకు తగ్గుతుంది. చలికాలం మొత్తం ఇక్కడే గడుపుదామనుకునేవాళ్లు, అద్దెలు, డివిడెండ్లు బాగా వచ్చేవాళ్లు క్యాలెండరు దగ్గర పెట్టుకోవాలి.

అమెరికా లెక్క మరీ గడుసుది. గ్రీన్ కార్డు ఉంటే పన్ను నివాసి అన్నది సరే. విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్లకూ రోజుల పరీక్ష ఉంది. ఈ ఏడాది రోజులు పూర్తిగా, నిరుటివి మూడో వంతు, అంతకుముందు ఏడాదివి ఆరో వంతు కలుపుతారు. మొత్తం 183కు చేరితే, ఈ ఏడాది కనీసం 31 రోజులు అక్కడ ఉంటే, పన్ను నివాసి. ఏటా 180 రోజులు ఉండి వచ్చే అమ్మానాన్నల లెక్క వేయండి: 180, 60, 30 కలిపి 270. దాటిపోయారు. ఏటా 120 రోజులైతే 120, 40, 20 కలిపి 180. హద్దు లోపలే. దాటినవాళ్లు ఆ ఏడాది 183 రోజులకు తక్కువే ఉంటే, తమ ఇల్లూ వాకిలీ భారత్‌లోనే అని చూపుతూ 8840 ఫారం దాఖలు చేసి బయటపడవచ్చు. గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టిన ఏడాదికి మాత్రం ఆ దారి మూసుకుపోతుంది.

ఖాతా మార్పు

ఫెమా ప్రకారం ప్రవాసి అయ్యాక రెసిడెంట్ సేవింగ్స్ ఖాతా ఉంచుకోకూడదు. దాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే ప్రవాసుల సాధారణ రూపాయి ఖాతాగా మార్పించుకోవాలి. పాత ఖాతాలోని నిల్వ, ఫిక్స్‌డ్ డిపాజిట్లు అన్నీ ఎన్‌ఆర్‌ఓ కిందికి వస్తాయి. ఇక్కడ పుట్టే రూపాయలు, అంటే పెన్షను, అద్దె, డివిడెండు, పంట డబ్బు, అన్నీ ఇందులోనే పడాలి.

ఎన్‌ఆర్‌ఈ ఖాతా వేరు. అది విదేశం నుంచి పంపిన డబ్బుకు. అందులోని నిల్వను ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంతైనా వెనక్కి తీసుకెళ్లవచ్చు. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. డిపాజిట్ కనీసం ఏడాదికి వేయాలి. ఎఫ్‌సీఎన్‌ఆర్ అంటే డాలరు, పౌండు వంటి కరెన్సీలోనే ఒకటి నుంచి అయిదేళ్ల వరకు ఉంచే డిపాజిట్. రూపాయి విలువ పడిపోతుందన్న భయం దానికి ఉండదు. జీవితమంతా ఇక్కడే సంపాదించిన విశ్రాంత ఉద్యోగికి నిజంగా అవసరమయ్యేది ఎన్‌ఆర్‌ఓ ఒక్కటే. ‘ఎన్‌ఆర్‌ఈకి పన్ను లేదు’ అని ఎవరో చెప్పారని ముందే రెండూ తెరిచి, ఒకదాన్ని ఖాళీగా ఉంచి, కనీస నిల్వ లేదని బ్యాంకు కోసే రుసుము కట్టుకోవడంలో అర్థం లేదు.

మార్పుకు పాస్‌పోర్టు, వీసా లేదా గ్రీన్ కార్డు, విదేశీ చిరునామా రుజువు, పాన్, ఫొటోలు, ఏ దేశంలో పన్ను కడుతున్నారో తెలిపే ఫాట్కా డిక్లరేషను ఇవ్వాలి. అక్కడికెళ్లి పంపితే నోటరీ దగ్గరో, భారత కాన్సులేట్‌లోనో ధ్రువీకరించాల్సి వస్తుంది. అందుకే వీసా చేతికి రాగానే బ్రాంచికి వెళ్లి దరఖాస్తు నింపి, బయల్దేరే తేదీ రాసి, అందినట్టు స్టాంపు వేయించుకోవడం మేలు. కొన్ని బ్యాంకులు పాత ఖాతా నంబరే ఉంచుతాయి. కొన్ని కొత్త నంబరు ఇచ్చి పాతది మూసేస్తాయి. రెండో రకమైతే పెన్షను, బీమా ప్రీమియం, కరెంటు బిల్లు, ఇంటి పన్ను ఆటో డెబిట్లన్నీ ఆగిపోతాయి. పెన్షను ఇచ్చే విభాగానికి కొత్త నంబరు చేరిందని తేలేదాకా పాత ఖాతా మూయనివ్వకండి.

మూడు నాలుగు బ్యాంకుల్లో చిల్లరగా ఖాతాలుంటే బయల్దేరేలోగా రెండుకు తగ్గించండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షల రూపాయల వరకే కాబట్టి అంతా ఒకేచోట వద్దనే వాదనలో బలముంది. కానీ ప్రతి ఖాతాకూ విడిగా కేవైసీ, విడిగా ఓటీపీ, విడిగా టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) సర్టిఫికెట్ వెంటపడాలి. పదివేల మైళ్ల దూరం నుంచి అయిదు బ్యాంకులతో వేగడం డెబ్బై దాటినవాళ్లకు శిక్షే.

జాయింటు సంగతి. ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో ఇక్కడున్న దగ్గరి బంధువును చేర్చుకోవచ్చు. అయితే అది ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలోనే. అంటే మొదటి ఖాతాదారు బతికున్నంతకాలం రెండో వ్యక్తి పవర్ ఆఫ్ అటార్నీ ఉంటేనే లావాదేవీలు చేయగలడు. ఆ పవర్‌తో ఇక్కడి చెల్లింపులు చేయవచ్చు, పెట్టుబడులు పెట్టవచ్చు. మీ తరఫున ఎవరికీ బహుమతిగా డబ్బు ఇవ్వకూడదు. విదేశానికి పంపితే ఖాతాదారుకే పంపాలి. పవర్ ఆఫ్ అటార్నీని అక్కడ రాసిస్తే అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో నోటరీ, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) చేయించి, అది భారత్‌కు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు దాటిపోయి, సరిగ్గా రిజిస్ట్రేషను నాడు పత్రం చెల్లదని తేలడం మామూలే. ఇంకో మాట: రాసిచ్చిన వ్యక్తి కన్నుమూస్తే ఆ క్షణమే పవర్ రద్దు. ఆ తర్వాత చెక్కు మీద సంతకం పెట్టినా, ఏటీఎం కార్డు వాడినా చట్టవిరుద్ధమే.

నివాసి హోదాతో పాటు పోయేవి

సీనియర్ సిటిజన్‌గా ఇన్నాళ్లూ అనుభవించిన రాయితీల్లో చాలావరకు నివాసులకే పరిమితం. 15హెచ్ ఫారం ఇచ్చి టీడీఎస్ ఆపించుకునే వీలు పోతుంది. వడ్డీపై 50,000 రూపాయల తగ్గింపు పోతుంది. బ్యాంకులు సీనియర్లకు ఇచ్చే అదనపు వడ్డీ ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్లకు మామూలుగా రాదు. అన్నిటికంటే పెద్ద దెబ్బ, కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు పన్ను లేకుండా చేసే రిబేటు. అది కూడా నివాసులకే.

అంకెల్లో చూద్దాం. ఏడాదికి 6 లక్షల పెన్షను, 3 లక్షల డిపాజిట్ వడ్డీ వచ్చే వ్యక్తిని తీసుకోండి. పెన్షనుపై 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా మొత్తం 8.25 లక్షలు. నివాసి అయితే రిబేటు వల్ల పన్ను సున్నా. ప్రవాసి అయితే మొదటి 4 లక్షలకు ఏమీ లేదు, తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున 20,000, మిగిలిన 25,000కు 10 శాతం అంటే 2,500, దానిపై 4 శాతం సెస్సు కలిపి 23,400 రూపాయలు. అసలు పన్ను ఇంతే. కానీ బ్యాంకు ఎన్‌ఆర్‌ఓ వడ్డీపై మొదటి రూపాయి నుంచే 30 శాతం, సెస్సుతో కలిపి 31.2 శాతం కోస్తుంది. 3 లక్షల మీద 93,600. కట్టాల్సినదానికి నాలుగు రెట్లు.

ఆ తేడా వెనక్కి రావాలంటే రిటర్ను వేయాల్సిందే. ప్రవాసులకు ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. ఆధార్ ఓటీపీ అందకపోతే నెట్ బ్యాంకింగ్ ద్వారా వెరిఫై చేయవచ్చు. లేదా సంతకం చేసిన కాగితాన్ని 30 రోజుల్లో బెంగళూరు కేంద్రానికి చేరేలా పంపవచ్చు. రిఫండు పడే ఖాతాను పోర్టల్లో ముందే ధ్రువీకరించి ఉంచుకోవాలి. ఎన్‌ఆర్‌ఓగా మార్చాక పాత ధ్రువీకరణ చెల్లకపోవచ్చు, మళ్లీ చూసుకోండి.

ఒకే ఆదాయంపై రెండు దేశాల పన్ను పడకుండా చూసే ద్వంద్వ పన్ను ఒప్పందం వాడుకుంటే టీడీఎస్ తగ్గుతుంది. అమెరికా, బ్రిటన్ నివాసులకు డిపాజిట్ వడ్డీపై 15 శాతం, యూఏఈ వాళ్లకు 12.5 శాతం. ఇందుకు ఆ దేశం ఇచ్చే పన్ను నివాస ధ్రువపత్రం, మన పోర్టల్లో నింపిన 10ఎఫ్ ఫారం ఏటా బ్యాంకుకు ఇవ్వాలి. అమెరికాలో ఆ పత్రం పేరు 6166. దానికి 8802 ఫారంతో దరఖాస్తు పెట్టుకోవాలి. నెలలు పడుతుంది. పైన చెప్పిన ఉదాహరణలో 15 శాతమన్నా 45,000 అవుతుంది, అసలు పన్ను కంటే ఎక్కువే. కాబట్టి చిన్న మొత్తాలవాళ్లకు ఒప్పందం వల్ల కోత తగ్గుతుందే తప్ప రిటర్ను బాధ తప్పదు.

ఇక్కడ కట్టిన పన్నును ఎలాగూ అమెరికా పన్నులో తగ్గిస్తారుగా (దీన్నే క్రెడిట్ అంటారు), ఇక్కడ రిఫండు ఎందుకని కొందరు వదిలేస్తారు. అది కుదరదు. చట్టప్రకారం నిజంగా కట్టాల్సిన పన్నుకే అక్కడ క్రెడిట్ ఇస్తారు. రిఫండు అడిగే హక్కు ఉండి అడగని డబ్బుకు ఇవ్వరు.

బయల్దేరేలోగా తేల్చుకోవాల్సినవి

పీపీఎఫ్ ప్రవాసి అయ్యాక కొత్తగా తెరవకూడదు. ఉన్నదాన్ని గడువు తీరేదాకా కొనసాగించవచ్చు, ఆ తర్వాత పొడిగించుకునే వీలుండదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము, జాతీయ పొదుపు పత్రాలు కొత్తగా తీసుకునే అర్హత ఉండదు. టికెట్లు కొన్న తర్వాత హడావుడిగా అయిదేళ్ల పథకంలో డబ్బు పెట్టి వెళ్లేవాళ్లు ఈ సంగతి చూసుకోవాలి.

మ్యూచువల్ ఫండ్లు అమెరికా వెళ్లేవాళ్లకు పెద్ద గుదిబండ. అక్కడి పన్ను శాఖ వాటిని ప్రత్యేక వర్గంగా చూస్తుంది. ఒక్కో ఫండుకూ 8621 ఫారం నింపాలి. పన్ను లెక్కించే పద్ధతిని ముందే ఎంపిక చేసుకోకపోతే లాభంపై అత్యధిక శ్లాబు, పైన వడ్డీ పడుతుంది. పది ఫండ్లుంటే పది ఫారాలు, ఒక్కోదానికి అకౌంటెంటు రుసుము. అమెరికా పన్ను నివాసి కాకముందే వాటిని అమ్మేస్తే ఇక్కడ ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్లపై 1.25 లక్షల పైబడిన లాభానికి 12.5 శాతంతో సరిపోతుంది. అమ్మకూడదనుకునేవాళ్లు కేవైసీలో హోదా మార్పించుకోవాలి. అమెరికా, కెనడా నివాసుల పెట్టుబడులను తీసుకోని ఫండ్ సంస్థలు కొన్ని ఉన్నాయి.

ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే ఎప్పుడు అమ్ముతారన్నది లక్షల్లో తేడా తెస్తుంది. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లూ స్థలమూ అమ్మితే, నివాసికి రెండు దారులున్నాయి: ద్రవ్యోల్బణ సవరణ లేకుండా 12.5 శాతం, లేదా సవరణతో 20 శాతం. ఏది తక్కువైతే అది. ప్రవాసికి మొదటిదే దారి. పాతికేళ్ల కిందట కొన్న ఆస్తి అయితే ఒకసారి రెండు లెక్కలూ వేయించి చూడండి. పైగా ప్రవాసి అమ్మితే, ముందుగా తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, కొనేవాడు మొత్తం అమ్మకపు ధర మీదే టీడీఎస్ కోయడం పరిపాటి. అమెరికా నివాసి అయ్యాక అమ్మితే అక్కడా ఆ లాభం చూపాలి, అదీ ఎప్పుడో కొన్న నాటి ధర నుంచి లెక్కగట్టి. అక్కడ కాలుపెట్టిన రోజు విలువను ఆ దేశం పట్టించుకోదు.

వ్యవసాయ భూమి అమ్మేయాల్సిన పని లేదు. నివాసిగా ఉండగా సంపాదించింది ఉంచుకోవచ్చు. కొత్తగా కొనకూడదు. అమ్మితే ఇక్కడి నివాసికే అమ్మాలి.

డబ్బు పంపే దారులు

వెళ్లకముందు నివాసిగా పంపితే ఎల్‌ఆర్‌ఎస్ పథకం, అంటే నివాసులు విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం, వర్తిస్తుంది. ఆర్థిక సంవత్సరానికి మనిషికి 2,50,000 డాలర్లు. పిల్లల పోషణకో, బహుమతిగానో పంపితే 10 లక్షలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడుతుంది. 40 లక్షలు పంపితే 6 లక్షలు ముందే కట్టాలి. అది పోయే డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. అయినా రిఫండు వచ్చేదాకా చేతిలో ఉండదు.

వెళ్లాక ఎన్‌ఆర్‌ఓ నుంచి పంపితే అది ఎల్‌ఆర్‌ఎస్ కాదు కాబట్టి టీసీఎస్ లేదు. ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. పెన్షను, అద్దె, వడ్డీ వంటి ఆ ఏటి ఆదాయం ఈ పరిమితిలోకి రాదు, పన్ను కట్టినట్టు చూపితే విడిగా పంపుకోవచ్చు. దీనికి పన్ను సంగతి ధ్రువీకరిస్తూ చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే 15సీబీ ఫారం, మీరు పోర్టల్లో దాఖలు చేసే 15సీఏ ఫారం, బ్యాంకు ఏ2 ఫారం, డబ్బు ఎక్కడిదో చూపే రుజువులు కావాలి. రుజువుల దగ్గరే ఎక్కువ ఫైళ్లు ఆగుతాయి. ప్రావిడెంట్ ఫండ్ సెటిల్‌మెంట్ ఉత్తర్వు, గ్రాట్యుటీ పత్రం, డిపాజిట్ రసీదులు, సేల్ డీడ్, గత మూడేళ్ల రిటర్నులు స్కాన్ చేసి వెంట తీసుకెళ్లండి. పదేళ్ల కిందటి ఉత్తర్వు కోసం పాత ఆఫీసుకు అక్కడినుంచి ఫోన్లు చేస్తూ కూర్చోవడం ఎవరికీ ఇష్టముండదు.

మార్పిడి ఖర్చులో అందరూ జీఎస్టీని తిడతారు. 20 లక్షల మార్పిడిపై పన్ను లెక్కించే విలువ 6,500 రూపాయలు, దానిపై 18 శాతం అంటే 1,170. అదే బ్యాంకు మార్కెట్ ధరకూ తన ధరకూ మధ్య ఒక్క శాతం తేడా పెడితే 20,000. బేరమాడాల్సింది అక్కడ. పెద్ద మొత్తమైతే బ్రాంచిలోని ఫారెక్స్ అధికారిని ఆ రోజు ప్రత్యేక ధర అడగండి. అడిగితే తగ్గిస్తారు.

అంతా పంపేయాలా అంటే, వద్దు. ఇక్కడ ఉండే ఖర్చులు, ప్రయాణాలు, వైద్యం, తిరిగి వచ్చేస్తే కావాల్సినది రూపాయల్లోనే ఉండనివ్వండి. అక్కడి ఖర్చులకు రెండు మూడేళ్ల మొత్తం చాలు. పంపినది వెనక్కి తేవడం తేలికే గానీ, రెండుసార్లు మార్పిడి ఖర్చు మీదే.

పెన్షను, ఫోను, పాన్

పెన్షను ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో నిక్షేపంగా పడుతుంది. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లలో 80 దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. ఈపీఎస్ (ప్రావిడెంట్ ఫండ్ సంస్థ ఇచ్చే) పెన్షనర్లకు నవంబరు నియమం లేదు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ ముఖ గుర్తింపు ఆధార్ ఉన్నవాళ్లకు సులువు. కుదరకపోతే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపవచ్చు. భారత ప్రభుత్వ పెన్షనుకు పన్ను ఇక్కడే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు అమెరికా రిటర్నులోనూ దాన్ని చూపి, ఇక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోవాలి.

ఓటీపీ రాని ఫోను ఉన్నవాడికి ఖాతా ఉన్నా లేనట్టే. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు వాడకపోతే కంపెనీ తీసేయవచ్చు. ఆ నంబరు ఇంకొకరికి వెళితే మీ ఓటీపీలూ వాళ్లకే. బయల్దేరేలోగా రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ వస్తుందో లేదో చూసుకుని, తక్కువ ఖర్చు రీచార్జి వేయించండి. వెళ్లాక ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు విదేశీ నంబరు నమోదు చేయించండి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, యూఏఈ వంటి కొన్ని దేశాల నంబర్లతో యూపీఐ కూడా పనిచేస్తుంది. రెండేళ్లు మీవైపు నుంచి లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రావస్థలోకి వెళుతుంది, పదేళ్లయితే నిల్వ రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుంది. అడిగితే ఇస్తారు గానీ తిరగాలి.

పాన్-ఆధార్ అనుసంధానం ప్రవాసులకు తప్పనిసరి కాదు. అయితే ఆదాయపు పన్ను పోర్టల్లో మీ హోదా ఇంకా ‘నివాసి’ అని ఉంటే ఆ మినహాయింపు దానికి తెలియదు. పాన్ పనిచేయడం మానేస్తే రిఫండు ఆగుతుంది, టీడీఎస్ పెరుగుతుంది. ఆధార్ ఉన్నవాళ్లు వెళ్లేముందే లింకు చేసేసుకోవడం అన్నిటికంటే తేలిక.

అమెరికా అడిగే లెక్కలు

అమెరికా పన్ను నివాసి అయితే ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అక్కడ చూపాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకీ, పీపీఎఫ్ వడ్డీకీ ఇక్కడ పన్ను లేకపోయినా అక్కడ ఉంది. ఆదాయంతో సంబంధం లేకుండా, దేశం బయటి ఖాతాల నిల్వలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల నివేదిక, దాఖలు చేయాలి. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. దీనికి పన్నేమీ లేదు. జరిమానా మాత్రం భారీ. అక్కడే ఉండే ఒంటరి వ్యక్తికి ఏడాది చివర 50,000 డాలర్లు లేదా మధ్యలో ఎప్పుడైనా 75,000 దాటితే విదేశీ ఆస్తుల వివరాలు తెలిపే 8938 ఫారం కూడా. భారత్, అమెరికాల మధ్య 2015లో కుదిరిన ఫాట్కా ఒప్పందం ప్రకారం మన బ్యాంకులు ఈ వివరాలు పంపుతూనే ఉన్నాయి. ‘వాళ్లకెలా తెలుస్తుంది’ అనే ప్రశ్నకు కాలం చెల్లింది.

పిల్లలు చిక్కుకునే చోటు కూడా ఇదే. అమెరికాలో ఉన్న కొడుకునో కూతురినో సౌకర్యం కోసం అమ్మానాన్నల భారతీయ ఖాతాలో జాయింటుగా చేరుస్తారు. ఆ ఖాతాలో వాళ్ల డబ్బు పైసా లేకపోయినా వాళ్ల ఎఫ్‌బార్‌లో అది కనిపించాలి. సంతకం పెట్టే అధికారం ఒక్కటే ఉన్నా సరే. ఇక అమ్మానాన్నలు ఇంకా ఇక్కడి నివాసులుగా ఉండి ఏడాదిలో లక్ష డాలర్ల పైన బహుమతిగా పంపితే, పుచ్చుకున్న పిల్లలు 3520 ఫారంలో తెలపాలి. పన్ను లేదు, చెప్పకపోతే జరిమానా ఉంది.

మిగతా దేశాలు ఇంత కఠినం కావు. యూఏఈలో వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు. బ్రిటన్‌లో అంతకుముందు పదేళ్లు నివాసి కానివాళ్లకు 2025 ఏప్రిల్ 6 నుంచి వచ్చిన విధానంలో మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయంపై ఊరట ఉంది. రిటర్నులో కోరితేనే అది దక్కుతుంది.

నామినీ, వీలునామా, తిరుగు ప్రయాణం

2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. డిపాజిట్లలో ఎవరికెంత శాతమో కూడా రాయవచ్చు. నామినీ డబ్బు పుచ్చుకునే ధర్మకర్త మాత్రమే, హక్కుదారు ఎవరో వీలునామా తేలుస్తుంది. రెండింటిలో పేర్లు వేర్వేరుగా ఉంటే వారసులు కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చినప్పుడు నామినేషన్ అలాగే ఉందో, ఎగిరిపోయిందో పాస్‌బుక్కులో చూసుకోండి.

చలి పడక, ఒంటరితనం భరించలేక, మూడు నాలుగేళ్లకే తిరిగొచ్చేసేవాళ్లు తక్కువేమీ కాదు. ఇక్కడే ఉండిపోవాలని వచ్చిన రోజు నుంచి ఫెమా మిమ్మల్ని మళ్లీ నివాసిగా చూస్తుంది. ఎన్‌ఆర్‌ఓను వెంటనే రెసిడెంట్ ఖాతాగా మార్పించాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీపై మినహాయింపు ఆ రోజుతో ఆగిపోతుంది. ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్‌ను ఒప్పుకున్న వడ్డీతో గడువు దాకా ఉంచవచ్చు. డాలర్లను డాలర్లుగానే దాచుకోవాలనుకుంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా తెరవవచ్చు. గ్రీన్ కార్డును లాంఛనంగా వెనక్కి ఇచ్చేదాకా మాత్రం, మీరు ఏ ఊళ్లో ఉన్నా, అమెరికా రిటర్నూ ఎఫ్‌బారూ వేస్తూనే ఉండాలి.